ఓడ కన్నా ముందు కాగితం

విశాఖ రేవులో క్లియరింగ్ పని చేసే మాబోటి వాళ్లకు రసాయనమంటే ముందు కాగితాలే గుర్తొస్తాయి. ఆ కాగితాల వెనక భోపాల్ ఉంది. అక్కడి 1984 డిసెంబరు విషవాయు దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు వచ్చాయి. సరుకు ఎవరికి, ఏ రేవుకు, ఎంత వస్తోందో, దాని భద్రతా వివరాలేమిటో వీలైతే 30 రోజుల ముందే అధికారులకు తెలపాలి. దిగుమతి రోజు మాత్రం దాటకూడదు.

అమ్మోనియం నైట్రేట్ సంగతి వేరు. ఎరువుకూ, గనుల్లో పేలుళ్లకూ వాడే ఈ తెల్లటి పలుకుల కోసం 2012లో ప్రత్యేక నిబంధనలొచ్చాయి. దిగుమతికి పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) లైసెన్సు తప్పనిసరైంది. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో ఏళ్లుగా పడి ఉన్న అమ్మోనియం నైట్రేట్ నిల్వ పేలింది. దాంతో చెన్నై దగ్గర మనలి గోదాములో 2015 నుంచి జప్తులో ఉన్న సుమారు 700 టన్నుల ఇదే సరుకు మీద అందరి దృష్టీ పడింది. వేలంలో అమ్మిన ఆ సరుకును లారీల్లో హైదరాబాద్‌కు తరలించారు. 2012 నిబంధనలకు 2021లో చేసిన సవరణ జప్తు సరుకు వేలానికి వీలు కల్పించింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లకు నేను చెప్పేదొకటే: లైసెన్సు చూడాల్సింది ఓడ బయల్దేరక ముందు, సరుకు దిగాక కాదు.