ఒగ్గుకథలో ఆశుప్రదర్శన

ఒగ్గుకథ తెలంగాణ జానపద కథాగాన రూపం. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో దీనికి గట్టి సంప్రదాయం ఉంది. శివుని డమరుకమే ఒగ్గు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు ఇందులో ప్రధానం. ప్రస్తుతం పెద్దపల్లి జిల్లాలో ఉన్న ఓదెల ప్రసిద్ధ మల్లన్న క్షేత్రం. వేములవాడ ప్రాంతంలోని హన్మాజిపేటకు చెందిన మిద్దె రాములు పేరొందిన ఒగ్గు కళాకారుడు.

ప్రదర్శన తీరు: కథా చట్రం, పాటల వరుసలు గురుపరంపరగా వస్తాయి. వచనం, సంభాషణలు చాలావరకు అప్పటికప్పుడు పుడతాయి. ప్రధాన కథకుడు కథ నడుపుతుంటే సహాయకుడు ఊకొడుతూ, ప్రశ్నిస్తూ, హాస్యమాడుతూ దాన్ని ముందుకు తోస్తాడు. గొంతు, నడక మార్చి ఒకే కళాకారుడు పలు పాత్రలవుతాడు. డోలు, తాళం, నపీర తోడుగా మోగుతాయి.

నటశిక్షణలో ఉపయోగం: అమెరికాలో వయోలా స్పోలిన్ 1963లో గ్రంథస్థం చేసిన రంగస్థల ఆటల్లోనూ, ఒగ్గు సహాయకుడు కథకుణ్ణి వింటున్నట్టే, తోటి నటుడి మాట శ్రద్ధగా వినడం కీలకం. ఒగ్గుకథ నుంచి మూడు అభ్యాసాలు రూపొందించుకోవచ్చు:

1. ఊకొట్టు: ఒకరు ఒక్కో వాక్యం చెబుతారు, రెండోవారు దాన్ని కాదనకుండా ప్రశ్నతో పొడిగిస్తారు.
2. పాత్ర మార్పు: డోలు దెబ్బ పడగానే గొంతు, నడక మారాలి.
3. కథ అందుకోవడం: ఆపిన చోటి నుంచే మరొకరు కొనసాగిస్తారు.

ఆశుప్రతిభను సాధనతో పెంచుకోవచ్చని ఒగ్గు బృందాలు తరతరాలుగా నిరూపిస్తున్నాయి. నటశిక్షణలో ఈ కళాకారులకు గురుస్థానం దక్కాలి.