గని గేటు తెరిపించిన వరి రైతులు

"దేశం ముందు సంపాదించుకోవాలి, గాలీ నీళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు" అని చాలామంది అంటుంటారు. ఉదాహరణగా జపాన్‌ని చూపిస్తారు. డబ్బు చేరాక చట్టాలు వాటంతటవే వచ్చాయంటారు. అక్కడి వరి రైతుల కథ వింటే సంగతి వేరేగా ఉంటుంది.

1877లో ఫురుకవా అనే వ్యాపారి అషియో రాగి గని కొన్నాడు. అప్పటి జపాన్‌కి రాగి ఎగుమతి అంటే విదేశీ డబ్బు. కొలిమి పొగకి కొండల మీద చెట్లు చచ్చాయి, మిగిలినవి కట్టెలకి నరికారు. చెట్టు లేని కొండ వాననీళ్లని ఆపదు కదా. 1890 వరదకి గని వ్యర్థాలు వతరాసే నది వెంట వచ్చి దిగువ పొలాల్లో పరుచుకున్నాయి. ఒండ్రు రావాల్సిన చోట విషం వచ్చింది.

తనకా షోజో అనే సభ్యుడు 1891లోనే పార్లమెంటులో నిలదీశాడు. 1897లో ప్రభుత్వం గనికి ఆదేశాలిచ్చింది కానీ పొలాలు బాగుపడలేదు. 1900లో టోక్యోకి బయల్దేరిన రైతులను పోలీసులు కొట్టి అరెస్టు చేశారు. 1901లో తనకా పదవి వదిలేసి, చక్రవర్తి బండికి ఎదురెళ్లి అర్జీ ఇవ్వబోయాడు. ఆఖరికి వరదనీళ్లు నిలవేసేందుకంటూ యనకా ఊరినే ఖాళీ చేయించారు. కదలని వాళ్ల ఇళ్లు 1907లో కూల్చేశారు. గని మాత్రం 1973 దాకా నడిచింది.

కూలీల గతీ అంతే. ఫ్యాక్టరీ చట్టం 1911లో చేసి 1916లో అమల్లోకి తెచ్చారు. నూలు మిల్లుల ఒత్తిడి వల్ల ఆడవాళ్ల రాత్రి షిఫ్టు 1929 దాకా ఆగలేదు.

ఇప్పుడు రెండో నదికి వద్దాం. పేరు జింజు. ఎగువన మిత్సుయి వాళ్ల కమియోకా జింక్ గని. అక్కణ్ణుంచి కాడ్మియం నీళ్లలో కలిసి, మడిలోకి, బియ్యంలోకి చేరింది. ఆ అన్నం తిన్న ఆడవాళ్లకి, ముఖ్యంగా నడివయసు దాటిన తల్లులకి, ఎముకలు పెళుసై విరిగేవి. ఆ రోగాన్ని జనం "ఇతాయ్ ఇతాయ్" అన్నారు, అంటే "నొప్పి నొప్పి" అని. ఊరి డాక్టరు హగినో 1957లో కారణం గనే అన్నాడు. 1968లో బాధితులు కోర్టుకెక్కారు, 1971లో గెలిచారు, 1972లో అప్పీలులోనూ గెలిచారు.

ఈ మధ్యలోనే, 1970లో, పార్లమెంటు ఒకే సమావేశంలో 14 కాలుష్య చట్టాలు చేసింది. 1967 చట్టంలో "ఆర్థికాభివృద్ధికి ఇబ్బంది లేకుండా" అనే అర్థంతో ఉన్న మెలికని అప్పుడే తీసేశారు. మినమాటా లాంటి చోట్ల బాధితులు కేసులు వేసి, రోడ్డెక్కి పోరాడాకే ఆ మెలిక పోయింది.

నా దృష్టిలో అసలు విజయం ఇంకొకటి. 1972లో రైతులు పరిహారంతో ఆగలేదు. ఎప్పుడైనా నిపుణులతో గనిలోకి వెళ్లి తనిఖీ చేసే హక్కు, అదీ కంపెనీ ఖర్చుతో, కాగితం మీద రాయించుకున్నారు. ఏటా వెళ్లి చూశారు. నదిలో కాడ్మియం తగ్గింది. చెడిన పొలాల మట్టి బాగుచేత మాత్రం 2012కి గానీ పూర్తి కాలేదు. విషం కలపడం తేలిక, తీయడానికి ఒక తరం పట్టింది.

నీటి కాలుష్య చట్టం మనకీ 1974 నుంచి ఉంది. చట్టం ఉందా అని కాదు, గేటు లోపలికెళ్లి చూసే హక్కు దిగువ ఊరికి ఉందా అని అడగాలి.