పుబ్బ దాపున వింత గెలాక్సీ

ఉగాది రోజుల్లో చంద్రుడి వెలుగు ఉండదు. రాత్రి పదకొండు ప్రాంతంలో మన చెల్పూర్ ఊరి మీద సింహరాశి దాదాపు నడినెత్తికి వస్తుంది. రైతులు కార్తెలుగా లెక్కపెట్టే మఖ, పుబ్బ, ఉత్తర నక్షత్రాలు అందులోవే. పుబ్బలోని రెండు చుక్కల్లో దక్షిణపు దానికి కాస్త దిగువన మూడు గెలాక్సీల చిన్న గుంపుంది: ఎం65, ఎం66, ఎన్‌జీసీ 3628. దూరం సుమారు మూడున్నర కోట్ల కాంతి సంవత్సరాలు. ఊళ్లోని థర్మల్ విద్యుత్ కేంద్రం దీపాలకు దూరంగా, చీకటి ఉన్న పొలాల వైపు వెళ్తే చిన్న టెలిస్కోపులో మసకగా కనిపిస్తాయి.

1773 నవంబరులో ఒక తోకచుక్క సరిగ్గా ఎం65, ఎం66ల నడుమ నుంచే సాగిపోయింది. దాన్ని గమనిస్తున్న పారిస్ ఖగోళవేత్త చార్లెస్ మెస్సియేకు ఆ వెలుగులో ఇవి కంటపడలేదు. 1780 మార్చి 1న రెండింటినీ గుర్తించాడు. మూడోదాన్ని 1784లో విలియం హెర్షెల్ కనుగొన్నాడు. 1920లలో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా దూరం కొలిచాకే ఇలాంటి మసక మరకలు పాలపుంతకు ఆవల ఉన్న నక్షత్ర లోకాలని రుజువైంది.

1966లో హాల్టన్ ఆర్ప్ 338 విచిత్ర గెలాక్సీల చిత్రాలతో అట్లాస్ వెలువరించాడు. అందులో ఎం66 పదహారవది. ఈ సర్పిల గెలాక్సీ చేతులు సమంగా లేవు, ఒక ముక్క విడిపడినట్టుంటుంది. అందుకు కారణం పొరుగే. సుమారు 80 కోట్ల ఏళ్ల క్రితం ఎన్‌జీసీ 3628 దీని పక్కగా దూసుకుపోయిందని కంప్యూటర్ లెక్కలు చెబుతున్నాయి. ఆ గురుత్వాకర్షణ లాగుడుకు ఎన్‌జీసీ 3628 నుంచి దాదాపు 3 లక్షల కాంతి సంవత్సరాల పొడవున తోక సాగింది. ఎం66లో వాయువు ఒత్తుకుని కొత్త నక్షత్రాలు జోరుగా పుట్టాయి. వాటిలో భారీవి త్వరగా పేలిపోతాయి. 1973, 2009, 2016లలో అక్కడ అలాంటి పేలుళ్లు, అంటే సూపర్నోవాలు కనిపించాయి. ఎం65 మాత్రం పెద్దగా చెదరలేదు.

మన పాలపుంత కూడా ఒంటరిది కాదు. దాని పొరుగున ఉన్న చిన్న గెలాక్సీలైన మాగెల్లన్ మేఘాల వాయువు పరస్పర లాగుడు వల్ల పొడవాటి పాయగా సాగింది. అందుకే ఎం66 వంకరను లోపంగా చూడకూడదు. గెలాక్సీ రూపం పుట్టుకతోనే ఖాయమైపోదు, ఇరుగుపొరుగు దాన్ని మలుస్తూనే ఉంటుంది. ఆ సంగతిని మన పల్లె బడిపిల్లలు పాఠంగా వినడమే కాక, పుబ్బను ఆనవాలు పట్టి తమ కళ్లతో చూసి నేర్చుకోవాలి.