ఆఖరి ల్యాప్, మొదటి మలుపు: టకుమా సాటో కథ

ఈ ఎపిసోడ్ అంతా దాదాపు ఒక్క మలుపు గురించే. అమెరికాలో ఇండియానాపోలిస్ అనే ఊళ్ళో ఒక రేస్ ట్రాక్ ఉంది. ఏటా మే నెలలో అక్కడ ఇండీ 500 అనే రేస్ జరుగుతుంది. 200 ల్యాప్‌లు, 500 మైళ్ళు, మన లెక్కలో 800 కిలోమీటర్ల పైమాటే. 4 కిలోమీటర్ల ట్రాక్‌ని ఒక్కో కారు 40 సెకన్లలో చుట్టేస్తుంది. నేను చెప్పేది ఆ ట్రాక్ మొదటి మలుపు గురించి.

2012 మే 27. 199 ల్యాప్‌లు అయిపోయాయి. ముందున్నది డారియో ఫ్రాంకిట్టి, అప్పటికే ఈ రేస్‌ని రెండుసార్లు గెలిచినవాడు. అతని వెనకాలే అతుక్కుని వస్తున్నాడు జపాన్ డ్రైవర్ టకుమా సాటో. ఇక్కడ చిన్న ఫిజిక్స్. హైవే మీద బైక్ నడిపినవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. ముందు పెద్ద లారీ ఉంటే గాలి మన మొహానికి కొట్టదు, అదే యాక్సిలరేటర్‌కి బండి ఇంకొంచెం లాగుతుంది. (దయచేసి ట్రై చేయకండి.) రేస్‌లో కూడా అంతే. వెనకవాడికి గాలి అడ్డు తక్కువ కాబట్టి స్పీడ్ ఎక్కువ వస్తుంది. అంటే ఆఖరి ల్యాప్‌లో ముందున్నవాడి కన్నా వెనకున్నవాడికే ఒక రకంగా మంచి ఛాన్స్.

సాటో లోపలి వైపు నుంచి దూరాడు. ఎడమ చక్రాలు కింద తెల్ల గీత దాకా వెళ్ళాయి. వెనక చక్రాల పట్టు తప్పింది. కారు గిర్రున తిరిగి, ఫ్రాంకిట్టి కారుకి రాసుకుని, వెళ్ళి బయటి గోడకి గుద్దుకుంది. ఫ్రాంకిట్టి ఎలాగో నిలదొక్కుకుని మూడోసారి గెలిచాడు. రెండో స్థానం చేతిలో పెట్టుకున్న సాటోకి దక్కింది 17వ స్థానం. చోటు ఇచ్చానని ఫ్రాంకిట్టి అన్నాడు, ఆ చోటు చాల్లేదని సాటో అన్నాడు. వీడియో నేను చాలాసార్లు చూశాను. ఇద్దరూ అబద్ధం చెప్పలేదనే నాకనిపిస్తుంది.

చాలామంది మాత్రం, ‘ఇంతే, ఇతను ఎప్పుడూ ఇంతే’ అన్నారు. ఆ మాట వెనక పదేళ్ళ చరిత్ర ఉంది.

సాటో 1977లో టోక్యోలో పుట్టాడు. పదేళ్ళ వయసులో, 1987లో, సుజుకా సర్క్యూట్‌లో ఫార్ములా వన్ రేస్ చూసి పిచ్చెక్కిపోయాడు. కానీ మామూలుగా రేసర్లు ఐదారేళ్ళకే కార్టింగ్ మొదలుపెడతారు. ఇతనికి ఆ అవకాశం లేదు. దాంతో సైకిల్ రేసింగ్‌లోకి వెళ్ళాడు, వసేదా యూనివర్సిటీలో చేరాడు. సుజుకా రేసింగ్ స్కూల్ గురించి తెలిసేసరికి 20కి దగ్గర పడ్డాడు. అక్కడ వయసు పరిమితే 20. అంటే అదే మొదటి ఛాన్స్, అదే ఆఖరి ఛాన్స్. దాన్ని పట్టుకుని స్కాలర్‌షిప్ కొట్టాడు. నేను ఉద్యోగం మానేసి కెమెరా ముందు కూర్చున్నప్పుడు మా నాన్న అడిగింది ఒకటే, ‘ఇప్పుడారా, ఈ వయసులోనా?’ సాటో వయసు లెక్క తెలిసుంటే అప్పుడే చెప్పేవాడిని.

ఇంగ్లండ్ వెళ్ళి 2001లో బ్రిటిష్ ఫార్ములా త్రీ ఛాంపియన్ అయ్యాడు. 2002లో జోర్డాన్ టీమ్‌తో ఫార్ములా వన్‌లోకి వచ్చాడు. మన నరైన్ కార్తికేయన్ 2005లో ఎఫ్ వన్‌లోకి వచ్చింది కూడా ఈ జోర్డాన్ టీమ్‌తోనే. 2004లో బీఏఆర్ హోండా కారులో సాటో నిజంగా వేగంగా ఉన్నాడు. మూడో స్థానంలో నిలిచి పోడియం ఎక్కాడు. ఎక్కడో తెలుసా? ఇండియానాపోలిస్‌లోనే. ఆ ప్రాంగణం లోపల వేసిన మెలికల ట్రాక్ మీద అప్పట్లో ఎఫ్ వన్ రేస్ జరిగేది.

కానీ అదే ఏడాది అతని కారు ఇంజిన్లు మాటిమాటికీ పేలిపోయాయి. ఇంజిన్ బాగున్న రోజున ఎవరినో ఒకరిని గుద్దేవాడు. 2005 మొత్తానికి ఒక్కటంటే ఒక్క పాయింట్. సీటు పోయింది. హోండా అండ లేకపోతే ఇతనికి సీటెవడిస్తాడు అని ఎగతాళి చేసేవాళ్ళు.

అప్పుడు పాత జపాన్ డ్రైవర్ అగురి సుజుకి ‘సూపర్ అగురి’ అని కొత్త టీమ్ పెట్టాడు. 2006లో మొదలుపెట్టింది ఎలాంటి కారుతో అనుకున్నారు? మూసేసిన ఆరోస్ టీమ్ వాడిన 2002 నాటి కారుని సరిచేసి! మన భాషలో చెప్పాలంటే నాలుగేళ్ళ కిందటి కోడ్‌కి ప్యాచ్‌లు వేసి ప్రొడక్షన్‌లో పెట్టినట్టు. 2007 కెనడా రేస్‌లో ఆ చిన్న టీమ్ కారుతో సాటో ఎవరిని దాటాడో తెలుసా? రెండుసార్లు వరల్డ్ ఛాంపియన్, మెక్‌లారెన్ డ్రైవర్ ఫెర్నాండో అలోన్సోని. అలోన్సో టైర్లు బాగా ఇబ్బంది పెడుతున్నాయి, నిజమే. అయినా దాటడం దాటడమే. 2008 మేలో డబ్బుల్లేక టీమ్ మూతపడింది. ఎఫ్ వన్‌లో మొత్తం లెక్క: 44 పాయింట్లు, ఒక పోడియం, గెలుపు సున్నా.

2010లో అమెరికా ఇండీకార్‌కి మారాడు. ఈ నేపథ్యంతో ఇప్పుడు 2012 మలుపు మళ్ళీ చూడండి. వయసు 35. ఇంతటి రేస్‌లో ఆఖరి ల్యాప్‌కి ముందున్నవాడి వెనక ఉండే రోజు మళ్ళీ వస్తుందన్న గ్యారంటీ లేదు. ‘నో అటాక్, నో ఛాన్స్’ అనేది అతని నినాదం. టీ షర్ట్ మీద రాసుకోవడానికి బాగుంటుంది, గోడ ఎదురుగా ఉన్నప్పుడు పాటించడం వేరు. నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఆ రోజు వెళ్ళడం తప్పు కాదు. లోపలికి ఇంకాస్త ముందుగా దూరలేకపోవడమే సమస్య.

2013లో లాంగ్ బీచ్‌లో గెలిచి, ఇండీకార్ రేస్ గెలిచిన మొదటి జపనీయుడయ్యాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు మళ్ళీ గెలుపు లేదు.

2017 మే 28. సాటోకి 40 ఏళ్ళు. ఆండ్రెట్టి టీమ్. ఎఫ్ వన్ నుంచి ఈ ఒక్క రేస్ కోసం వచ్చిన అలోన్సో ఈసారి అదే టీమ్ కారులో ఉన్నాడు, 21 ల్యాప్‌లు ఉండగా అతని ఇంజిన్ పోయింది. చివర్లో పోటీ హీలియో క్యాస్ట్రోనెవెస్‌తో. మూడుసార్లు గెలిచినవాడు, నాలుగోది కావాలి. సాటో ఈసారి ఆఖరి ల్యాప్ దాకా ఆగలేదు. కొన్ని ల్యాప్‌లు ముందే దాటేసి, తర్వాత వచ్చిన దాడిని కాచుకున్నాడు. దాటడం అదే తెగువ, టైమింగ్ మాత్రం వేరు. 0.2011 సెకన్ల తేడాతో గెలిచాడు. ఇండీ 500 గెలిచిన మొదటి ఆసియా డ్రైవర్.

అమెరికాలో అది యుద్ధాల్లో చనిపోయిన సైనికుల్ని తలుచుకునే వారాంతం. డెన్వర్ పత్రిక స్పోర్ట్స్ రచయిత ఒకాయన, ఆ రోజుల్లో ఒక జపనీయుడు గెలవడం తనకి ఇబ్బందిగా ఉందని ట్వీట్ చేశాడు. మర్నాడే పత్రిక ఆయన్ని తీసేసింది.

ఇంకో ముక్క ఉంది, నాకు బాగా నచ్చింది అదే. 2012లో గోడకి కొట్టిన కారు బాబీ రాహాల్ టీమ్‌ది. 2018లో అదే టీమ్ సాటోని మళ్ళీ తీసుకుంది. 2020లో కరోనా వల్ల రేస్ ఆగస్టుకి వాయిదా పడింది. 200 ల్యాప్‌లలో 111 స్కాట్ డిక్సనే ముందున్నాడు. చివర్లో సాటో అతన్ని దాటాడు. ఐదు ల్యాప్‌లు ఉండగా వేరే డ్రైవర్‌కి పెద్ద యాక్సిడెంట్ అయింది, పసుపు జెండాలోనే రేస్ ముగిసింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టి ఉంటే డిక్సన్ గెలిచేవాడని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. ఏమో, సాటోకి ఆ రోజు దాచుకున్న ఇంధనం ఎంతో అతనికే తెలియాలి.

43 ఏళ్ళ వయసులో రెండో గెలుపు. రెండు లక్షల పైగా సీట్లున్న స్టాండ్లలో ఒక్క ప్రేక్షకుడు లేడు. గెలిచినవాళ్ళు పాలు తాగడం అక్కడి ఆచారం, ఖాళీ స్టాండ్ల ముందే పాల సీసా ఎత్తాడు. పక్కన నిలబడింది 2012లో విరిగిన కారు బిల్లు కట్టిన టీమే.