వార్త అందింది, భూగోళం తెలియలేదు

తెలుగు పత్రికల పాఠకునికి అండమాన్ అనగానే రెండు విషయాలు స్ఫురిస్తాయి. ఒకటి కాలాపానీ. రెండవది అల్పపీడనం. అక్టోబరు, నవంబరు మాసాల్లో అండమాన్ సముద్రంలో అల్పపీడనం ఏర్పడిందన్న వాక్యం మన మొదటి పుటలకు ఏటా వచ్చే అతిథి. అది వాయుగుండమై, తుపానై, నెల్లూరుకూ కళింగపట్నానికీ మధ్య ఎక్కడ తీరం దాటుతుందన్నదే ఆపైన వార్త. అది పుట్టిన చోట ఏమి జరిగింది, ఏ దీవికి ఓడ ఆగిపోయింది, ఏ బడి మూతపడింది అన్నది వార్త కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకారుల కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి దాని అధికారిక నామం శ్రీ విజయపురం) తరాలుగా స్థిరపడి ఉన్నాయి. అయినా తెలుగు పత్రికలకు ఆ దీవులు వాతావరణ శాఖ ప్రకటనలో ఒక దిక్కు మాత్రమే.

ఈ ఉపేక్షకు దేశం చెల్లించిన మూల్యం 2004 డిసెంబరు 26న తేలింది. ఆ ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా పడమటి తీరం సమీపాన భూమి కంపించింది. తీవ్రత 9.1. కంపించిన పగులు అక్కడితో ఆగక ఉత్తరంగా నికోబార్, అండమాన్ దీవుల కింది నుంచి సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున చీలుకుంటూ సాగింది. కార్ నికోబార్‌లోని వాయుసేన స్థావరం నుంచి చెన్నైకి సందేశం వెళ్లింది. దీవి మునిగిపోతున్నదనీ, అంతటా నీరేననీ దాని సారాంశం. ఎనిమిది గంటలు కాకముందే ఆ మాట ప్రధాన భూభాగానికి చేరిందని అప్పటి వాయుసేనాధిపతి ఎస్. కృష్ణస్వామి తరువాత పత్రికలకు వెల్లడించారు. కెరటం తమిళనాడు తీరాన్ని తాకింది ఎనిమిదిన్నర దాటాక. ఆ వేళ మెరీనా తీరాన జనం నడకకు వచ్చి ఉన్నారు. నాగపట్నంలో పడవలు ఒడ్డున ఉన్నాయి. మార్గశిర పౌర్ణమి కావడంతో కృష్ణా జిల్లా మంగినపూడిలో సముద్రస్నానాలు జరుగుతున్నాయి.

వార్త కెరటం కన్న ముందే వచ్చిందన్నమాట. దాని అర్థం మాత్రం ఎవరికీ అందలేదు. ఒక దీవి మునుగుతున్నదంటే ఆ నీరు ఎటు కదులుతుంది, ఎంత వేగంతో, ఎన్ని గంటలకు మన తీరానికి వస్తుంది అన్న ప్రశ్నలు వేసుకోవలసిన చోట ఎవరూ వేసుకోలేదు. భూకంప సమాచారాన్ని మోసుకెళ్లిన ప్రభుత్వ ఫ్యాక్స్ ఒకటి నాటి శాస్త్ర సాంకేతిక మంత్రి కపిల్ సిబల్‌కు బదులు మాజీ మంత్రి మురళీ మనోహర్ జోషి ఇంటికి వెళ్లిందన్న కథనం అప్పట్లో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఢిల్లీ రాజకీయ వర్గాలు దానిని చాలా కాలం హాస్యంగా చెప్పుకున్నాయి. హాస్యం అక్కడ ఉన్నమాట నిజమే. కానీ ఆ ఫ్యాక్స్ సరైన చిరునామాకే చేరి ఉన్నా ఫలితం వేరుగా ఉండేదని చెప్పడం కష్టం. బంగాళాఖాతంలో సునామీ వస్తుందన్న ఊహే పాలనాయంత్రాంగానికి లేదు.

ఊహ లేదు గాని దాఖలా ఉంది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ సమీపాన 7.9 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాని వెంట పుట్టిన సునామీ నాగపట్నం, మద్రాసు సహా బంగాళాఖాతం తీరంలోని పలు రేవుల్లో ఆటుపోట్లను నమోదు చేసే యంత్రాలపై గీతలుగా మిగిలింది. ఎత్తు మీటరు లోపే కనుక ప్రాణనష్టం లేదు, కనుక జ్ఞాపకమూ లేదు. భూగర్భ శాస్త్రవేత్త ఆర్.డి. ఓల్డ్‌హామ్ 1884లోనే ఆ భూకంపంపై వ్యాసం రాశారు. ఆ పాత గీతలను తిరిగి తీసి, నికోబార్ కింద భూఫలకం ఎంత మేర కదిలిందో లెక్కగట్టిన ఒర్టిజ్, బిల్హామ్‌ల పరిశోధన పత్రం వెలువడింది 2003లో. అంటే ప్రళయానికి ఒక సంవత్సరం ముందు. పరిశోధన గ్రంథాలయంలో ఉన్న ఆ జ్ఞానం ఏ బడికీ, ఏ పత్రికకూ చేరలేదు.

చేరిన చోట ఏమి జరిగిందో అందరికీ తెలుసు. థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవిలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఆంగ్ల బాలిక సముద్రం నురుగులు కక్కడం గమనించి, రెండు వారాల క్రితం భూగోళ తరగతిలో చూపిన హవాయి సునామీ దృశ్యాలను గుర్తుచేసుకుని తల్లిదండ్రులను హెచ్చరించింది. ఆ తీరంలో సుమారు వందమంది బ్రతికారు. నికోబార్ దీవుల్లో ఒక రేవు ఉద్యోగి ఎప్పుడో టెలివిజన్‌లో చూసిన నేషనల్ జియోగ్రఫిక్ కార్యక్రమాన్ని తలచుకుని జనాన్ని ఎత్తైన చోటికి తరలించినట్టు వార్తలు వచ్చాయి. లిటిల్ అండమాన్‌లోని ఓంగేలకు బడీ టెలివిజనూ అక్కరలేకపోయింది. భూమి కదిలితే సముద్రం వస్తుందన్న పెద్దల మాట వారిని అడవిలోకి నడిపించింది. ఆంగ్ల బాలికకు చెప్పింది ఆమె ఉపాధ్యాయుడు, ఓంగేలకు చెప్పింది వారి పెద్దలు. నికోబార్‌లో ఉద్యోగం చేస్తున్న వ్యక్తికి, తన కాళ్ల కింది నేల గురించి, ఒక విదేశీ టెలివిజన్ సంస్థ చెప్పవలసి వచ్చింది.

ఆ తరువాత పాఠ్యపుస్తకం ఏమి చేసింది? అండమాన్ బడులు కేంద్ర మాధ్యమిక విద్యామండలి పరిధిలోనివి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే ఆధారం. ఏళ్ల తరబడి దేశమంతటా 9వ తరగతి పిల్లలు చదివిన భూగోళ పుస్తకంలో, భారతదేశ దక్షిణాగ్రమైన ఇందిరా పాయింట్ 2004 సునామీలో సముద్రగర్భంలో కలిసిపోయిందన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంది. దేశం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్న మొదటి పాఠంలోనే అది వస్తుంది. పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్నకు బాగా పనికివస్తుంది. వార్త భూగోళంలోకి ప్రవేశించిన అరుదైన సందర్భమిది. అందుకే దానిని కాస్త నిదానంగా చదవాలి.

ఇందిరా పాయింట్ గ్రేట్ నికోబార్ దక్షిణ కొన. పూర్వం దాని పేరు పిగ్మేలియన్ పాయింట్. 1984లో ఇందిరాగాంధీ అక్కడికి వెళ్లివచ్చిన తరువాత ఈ పేరు పెట్టారు. 1972లో వెలిగించిన దీపస్తంభం అక్కడుంది. 2004 డిసెంబరు 26న నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. చుట్టూ ఉన్న చిన్న నివాసం, అందులోని మనుషులు పోయారు. దీపస్తంభం నిలిచింది. నేడు దాని పాదం నీటిలో ఉంటుంది, కానీ దీపం వెలుగుతూనే ఉంది. కెరటం వచ్చి ముంచడం వేరు, నేల కుంగి సముద్రం లోపలికి రావడం వేరు. మొదటిది వెనక్కి పోతుంది. రెండవది పోదు. పుస్తకంలోని ఒక్క వాక్యం ఈ రెండింటినీ కలిపివేసింది. కేరళలోనో తెలంగాణలోనో చదివే విద్యార్థికి దీనివల్ల వచ్చే నష్టం స్వల్పం. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేలో చదివే విద్యార్థికి అది తన కుటుంబ చరిత్ర. 1969 నుంచి అక్కడ స్థిరపడిన మాజీ సైనికుల పిల్లలూ మనుమలూ ఆ తరగతుల్లో కూర్చుంటారు. తమ తాతల ఊరు ఏమైందో వారికి పుస్తకం కన్నా ఎక్కువే తెలుసు. ఆ తెలిసినది రాసే చోటు మాత్రం ఆ బడిలో లేదు.

నిజానికి ఆ దీవులు ఆరుబయట తెరిచి ఉంచిన భూగోళ పుస్తకమే. అదే భూకంపంలో దక్షిణం కుంగితే, ఉత్తర అండమాన్ పడమటి తీరం పైకి లేచి పగడపు దిబ్బలు గాలికి తేలాయి. పోర్ట్ బ్లెయిర్ దాదాపు ఒక మీటరు కుంగింది. నగర శివారులోని సిప్పీఘాట్‌లో వరిపొలాలు ఉప్పునీటి మడుగులయ్యాయి, ఎండిన చెట్ల మోళ్లు ఏళ్లకొద్దీ నీటిలో నిలిచాయి. దారిన పోయే బస్సులోంచి పిల్లలు రోజూ చూసే దృశ్యమది.

భూగోళం తెలిసిన విలేకరి ఎంత పని చేయగలడో కచ్చాల్ దీవి ఉదంతం చెబుతుంది. 2000 జనవరి 1న సహస్రాబ్ది తొలి సూర్యోదయం దేశంలో ముందుగా కనిపించేది ఆ నికోబార్ దీవిలోనేనని గొప్ప ప్రచారం జరిగింది. అరుణాచల్ ప్రదేశ్ ఇంకా తూర్పున ఉండగా ఇదెలా సాధ్యమన్నది తొమ్మిదో తరగతి పిల్లలకు తట్టవలసిన ప్రశ్న. జవాబు ఆసక్తికరమైనది. జనవరిలో సూర్యుడు దక్షిణాన ఉంటాడు, ఉత్తరాన పగలు కురచ. లెక్కగడితే కచ్చాల్‌లో సుమారు ఐదున్నరకు తెల్లవారితే అరుణాచల్ తూర్పు కొసన ఆరు కావస్తుంది. జూన్‌లోనైతే వరుస తారుమారవుతుంది. వట్టి పర్యాటక ప్రకటన అనిపించినది పాఠంగా నిలబడింది. ఆ లెక్క చేసి చూపవలసింది కచ్చాల్ బడి. ఐదేళ్లకు సునామీలో అత్యధిక ప్రాణనష్టం జరిగిన దీవుల్లో అదీ ఒకటి. దీవులన్నింటిలో చనిపోయినవారు, గల్లంతైనవారు కలిసి అధికారిక లెక్కల్లోనే సుమారు 3,500 మంది.

భూగోళ పాఠాన్నీ వార్తనూ బడిలో కలిపే ప్రయత్నం కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై ఎక్కువసేపు మాట్లాడలేని ఫ్రెంచి ఉపాధ్యాయుడు సెలెస్తాన్ ఫ్రెనే, దక్షిణ ఫ్రాన్స్‌లోని బార్-సుర్-లూ అనే కొండ ఊరిలో పిల్లలను బయటికి నడిపించి, చూసినది వారిచేతనే రాయించాడు. 1924లో తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. ఆ పుటలు దేశం మరో కొసన బ్రిటనీ సముద్రతీరంలోని త్రెగంక్ బడికి వెళ్లేవి, అక్కడి పిల్లల పుటలు ఇక్కడికి వచ్చేవి. కొండ పిల్లలకు సముద్రం పాఠంగా గాక ఉత్తరంగా చేరింది. ఆ కథకు రెండో సగం కూడా ఉంది. 1930ల ఆరంభంలో సెయింట్ పాల్ అనే ఊళ్లో పిల్లల రాతలనే సాక్ష్యంగా చూపి ఆయనపై ఉద్యమం లేవదీశారు. చివరికి ఆయన ప్రభుత్వ బడి విడిచి సొంత బడి పెట్టుకోవలసి వచ్చింది. దీవులకు మరింత దగ్గరి ఉదాహరణ కరీబియన్‌లో యునెస్కో అండతో 1990ల చివర మొలకెత్తిన శాండ్‌వాచ్. అక్కడి పిల్లలు తమ తీరాన్ని తామే కొలుస్తారు. ఇసుక ఎంత కోసుకుపోయిందో, నీటిలో ఏముందో నమోదు చేసి ఊరివారికి చెబుతారు.

మన దేశంలో సునామీ తరువాత కొద్ది నెలలకే వచ్చిన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా బడిలోని జ్ఞానాన్ని బయటి జీవితంతో ముడిపెట్టాలని చెప్పింది. చెప్పినంత సులువుగా అమలు కాకపోవడానికి అండమాన్‌లో ప్రత్యేక కారణముంది. ఆ దీవులకు శాసనసభ లేదు. లోక్‌సభలో ఒకే స్థానం. లెఫ్టినెంట్ గవర్నర్ ద్వారా పాలన కేంద్రానిది. పోర్ట్ బ్లెయిర్ దినపత్రిక ‘ది డైలీ టెలిగ్రామ్స్’ను నడిపేది కూడా పాలనాయంత్రాంగమే. బడులలో అధికభాగం ప్రభుత్వానివే. ఉపాధ్యాయునికి 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడం అందులో నిషిద్ధం. సిప్పీఘాట్ మడుగు లోతు కొలిపించి పిల్లల చేత వార్త రాయిస్తే, పొలం పోయిన రైతుకు పరిహారం అందిందా అన్న ప్రశ్న రెండో పేరాలోనే వస్తుంది. పేచీ అక్కడ మొదలవుతుంది. విలేకరిత్వం నేర్పే ప్రతి పాఠశాల కార్యక్రమమూ ఆ రెండో పేరా దగ్గరే తడబడుతుంది. గోడపత్రికలో మొక్కలు నాటిన ఫొటో అంటించడంతో ముగిసిపోయేవి అందుకే అన్ని.

ఇప్పుడు ప్రశ్న మరింత బరువెక్కింది. ఇందిరా పాయింట్‌కు అనతిదూరంలోని గలథియా అఖాతంలో భారీ నౌకాశ్రయం, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త నగరం కలిపి మొదట ₹72,000 కోట్లుగా అంచనా వేసిన ప్రాజెక్టు రూపుదిద్దుకుంటోంది. 2021 జనవరిలో అక్కడి వన్యప్రాణి అభయారణ్యం హోదా తొలగించారు. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి మళ్లింపు, ఎనిమిది వేల జనాభా గల దీవికి మూడున్నర లక్షల మంది రావచ్చన్న అంచనా, షోంపెన్, నికోబారీ తెగల భవితవ్యం, ఇవన్నీ ఢిల్లీలో, న్యాయస్థానాల్లో, ట్రిబ్యునల్‌లో వాదోపవాదాలుగా నడుస్తున్నాయి. వ్యూహాత్మక అవసరమని ఒక పక్షం, వినాశమని ఒక పక్షం. రెండు పక్షాల్లోనూ మాట్లాడేవారు అధికంగా ప్రధాన భూభాగం వారే. భూకంప ప్రమాదం గురించి నివేదికలు సంభావ్యత భాషలో మాట్లాడుతున్నాయి. ఆ నేల ఒక్క ఉదయాన నాలుగు మీటర్లు కుంగినప్పుడు అక్కడే ఉన్నవారు మాట్లాడటం లేదు, లేదా మాట్లాడినా అచ్చు కావడం లేదు.

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ మీదుగా దీవులకు సముద్రగర్భంలో వేసిన 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమైంది. అంతర్జాలం క్యాంప్‌బెల్ బేకూ చేరింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 2007 నుంచి సునామీ హెచ్చరికలు పంపుతోంది. సందేశం వెళ్లే దారులు ఇప్పుడు బాగానే ఉన్నాయి. గలథియా తీరంలో 2004లో కొట్టుకుపోయిన ఇసుక మెల్లగా మళ్లీ చేరింది. లెదర్‌బ్యాక్ తాబేళ్లు తిరిగి వచ్చి గుడ్లు పెడుతున్నాయి. ఎంత ఇసుక, ఏ ఏడాది, ఎన్ని గూళ్లు అన్నది అటవీశాఖ దస్త్రాల్లో, పరిశోధకుల పత్రాల్లో ఉంది. కొద్ది దూరంలోని బడిలో, భూగోళం నోటు పుస్తకంలో, ఇందిరా పాయింట్ ఎదురుగా ఒక మార్కు జవాబు మాత్రం ఉంది.