పరాసుపేట చరిత్రకు ఫ్రెంచి: దిగువ కృష్ణా పరిశోధనలో ఒక భాషాసమస్య

మచిలీపట్నంలో పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అన్న పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఫ్రెంచివారిని తెలుగువారు పరాసులన్నారు. ‘మొస్యూ’ అనే గౌరవపదాన్ని ‘మూసా’గా మార్చుకున్నారు. హైదరాబాదు మూసారాంబాగ్ పేరులో ఉన్నది మొస్యూ రేమండే. చెవిన పడిన మాటలు ఇలా నిలిచాయి. చదువుగా రావలసిన భాష మాత్రం ఈ తీరంలో వేళ్ళూనుకోలేదు. ఆ లోటు చరిత్రరచనపై నీడగా పడింది.

గోల్కొండ సుల్తాను ఫర్మానాతో 1669లో ఫ్రెంచి కంపెనీ మచిలీపట్నంలో వర్తకస్థానం ఏర్పరచుకొంది. ఆ ఫర్మానాను సంపాదించిన మార్కారా ఫ్రెంచివాడు కాడు, ఆర్మీనియన్. 1750లో పట్టణం ఫ్రెంచి సేనల వశమైంది. దివిసీమ కూడ వారి చేతికి వచ్చింది. 1753లో సలాబత్ జంగ్ బుస్సీ సైన్యపు ఖర్చుల నిమిత్తం ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోలు సర్కారుల రాబడిని ఇచ్చాడు. ఆ శిస్తు వ్యవహారాలను మచిలీపట్నం నుండి చూసినవాడు మొరసాఁ అనే ఫ్రెంచి అధికారి. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ కోటను పట్టుకోవడంతో ఆ అధికారం ముగిసింది. మిగిలిన చిన్న ఫ్రెంచి స్థావరం 1947 అక్టోబరులో భారతదేశానికి సంక్రమించింది.

ఈ తొమ్మిదేళ్ళ పాలనను ఎవరి కాగితాల ద్వారా చదువుతున్నాం? మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల స్థానికచరిత్రపై పనిచేసేవారికి ముందుగా చేతికందేవి రాబర్ట్ ఓర్మ్ గ్రంథమూ, గోర్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువలూ. రెండూ విలువైనవే. అయితే ఓర్మ్ చెన్నపట్నం కౌన్సిలులో సభ్యుడు. ప్రత్యర్థిపక్షం వ్రాసిన వృత్తాంతంలో ఫ్రెంచి పాలన యుద్ధఘట్టంగానే మిగిలి, శిస్తు చెల్లించిన రైతు పక్కకు జరుగుతాడు.

ఫ్రెంచి పత్రాలను పరిశోధనాంశంగా నిలిపినవాడు ఆల్ఫ్రెడ్ మార్తినో. పుదుచ్చేరి గవర్నరుగా ఉండి 1911లో ఫ్రెంచి భారత చరిత్ర సంఘాన్ని స్థాపించాడు. తరువాత పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లో వలసల చరిత్ర బోధించాడు. బుస్సీపై ఆయన గ్రంథం 1935లో వెలువడింది. పరిపాలకుడే ఆచార్యుడైన ఈ జీవితంలో సామ్రాజ్యాభిమానం ఉండడం సహజం. ఆ అభిమానాన్ని తూచడానికైనా మూలభాష రావాలి.

ఎదురుదిశలో ప్రయాణం జరిగింది: బుర్రకథపై పరిశోధించిన డానియల్ నెజెర్స్ పారిస్‌లోని ఇనాల్కోలో తెలుగు బోధించారు. ఇటునుంచి అటు వెళ్ళే ఫ్రెంచి అధ్యాపకుడు సాధారణంగా సాహిత్యం వైపో, భాషాబోధన వైపో సాగుతాడు. పురాలేఖల వైపు మళ్ళడం అరుదు. ఇది అతని తప్పు కాదు, పాఠ్యప్రణాళికల్లో చరిత్రశాఖకూ విదేశీభాషాశాఖకూ మధ్య గోడ ఉంది.

ఆ పనికి తెలుగువాడి అవసరం ఒకటుంది. నాటి ఐరోపా వ్రాతల్లో కొండవీడు ‘కొందవీర్’, నర్సాపురం ‘నర్జాపూర్’. ఫ్రెంచి లిపిలో ‘ఉ’కారానికి రెండక్షరాలు, ‘చ’కారానికి మూడక్షరాలు పడతాయి. దివిసీమలోని ఒక చిన్న గ్రామం పేరు ఆ వ్రాతలో కనిపిస్తే పారిస్ పండితుడు తడబడవచ్చు. ఫ్రెంచి మాత్రమే వచ్చిన వేరే ప్రాంతపు భారతీయుడూ తడబడవచ్చు. పద్దెనిమిదో శతాబ్దపు చేవ్రాతను చదవగలిగి, అవనిగడ్డకూ నాగాయలంకకూ మధ్య ఊళ్ళ పేర్లు నోటికి వచ్చిన పరిశోధకుడు ఆ పేరును గుర్తుపట్టగలడు.