కిరాయి ఇల్లు, అడ్వాన్సు, కులం: దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా

ఊళ్లో మనవాళ్లకు కిరాయి ఇంటి సమస్య లేదు. ఎవరి ఇల్లు ఎక్కడుండాలో అక్కడ తాతల నాడే తేలిపోయింది. మాలవాడ, మాదిగవాడ ఊరికి ఆవల ఉంటాయి. అక్కడ 'మీరేమిట్లు?' అని ఎవరూ ఎవర్నీ అడగనక్కర్లేదు. మనిషి ఏ వాడ నుంచి నడిచొస్తున్నాడో చూస్తే చాలు. పట్నమొచ్చాక ఓనర్లకు ఆ సౌకర్యం పోయింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో డిగ్రీ సర్టిఫికెట్లు పట్టుకుని, టు-లెట్ బోర్డు చూసి గేటు తట్టినవాడి కులం మొహం మీద రాసి ఉండదు. అందుకే అడగాల్సొచ్చింది. ఊరిపేరు అడుగుతారు, ఇంటిపేరు అడుగుతారు, నాన్న ఏం చేస్తాడని అడుగుతారు, ఆదివారం ఏం వండుకుంటారని అడుగుతారు. ఊరు భూమ్మీద గీసిన గీతను పట్నం ప్రశ్నల్లో గీసుకుంది.

ఈ గీత చరిత్ర రాయాలంటే దిల్‌సుఖ్‌నగర్ – ఎల్‌బీ నగర్ కంటే మంచి చోటు హైదరాబాదులో దొరకదు. విజయవాడ రోడ్డు, నాగార్జునసాగర్ రోడ్డు రెండూ ఇక్కడే పట్నంలోకి దిగుతాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి, ఇటు కృష్ణా, గుంటూరు నుంచి బస్సెక్కినవాడు మొదట కాలు పెట్టేది ఇక్కడే. దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ అనే జాగీర్దారు భూములు ఆయన పేరుతోనే కాలనీలైనయి. ఆ తర్వాత సరూర్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, వనస్థలిపురం. జిల్లాల్లో భూములున్న వాళ్లు, సర్కారు ఉద్యోగులు ఇక్కడ ప్లాట్లు కొని ఇళ్లు లేపారు. కింద తాముండి పైన పోర్షన్లు కిరాయికిచ్చారు. కోచింగ్ సెంటర్లు, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు వచ్చాక కిరాయిదార్లకు కొదవే లేకుండా పోయింది. గ్రూప్స్ నోటిఫికేషన్ పడితే చాలు, ఒక్కో గదిలో నలుగురు. ఆ నలుగురిలో స్కాలర్‌షిప్ డబ్బుల మీద బతికే మన పిల్లవాడొకడు ఉండనే ఉంటాడు.

'పోర్షన్' అన్న మాటను కాస్త పట్టించుకోవాలి. ఇందులో ఓనరు ఎక్కడో దూరాన ఉండడు, అదే కప్పు కింద ఉంటాడు. ఒకే గేటు, ఒకే మెట్లు, ఒకే సంపు, ఒకే బోరు, పైన ఒకే టాంకు. ఊళ్లో బావి దగ్గర ఆపిన మనిషి ఇక్కడ అదే టాంకు నీళ్లు వాడుతున్నాడు. కులం తెలియనంత కాలం ఆ నీళ్లకు ఏమీ కాదు. తెలిసిన మర్నాటి నుంచి 'మీవాళ్లు నీళ్లెక్కువ వాడుతున్నారండీ' అన్న మాట మొదలవుతుంది. బోరు మోటారు పాడైతే కారణం పై పోర్షనే. మోరీ నిండితే కారణం వీళ్ల వంటే. అంటరానితనం అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

ఎందుకు రాదంటే, దాన్ని రానివ్వని చట్టమొకటుంది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. గుళ్లు, హోటళ్లు, బావులు అందులో ఉన్నాయని మన కార్యకర్తలందరికీ తెలుసు. నాలుగో సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది: ఏ ప్రాంతంలోనైనా సరే నివాస గృహం కట్టుకోవడం, సంపాదించుకోవడం, అందులో ఉండటం. ఈ విషయంలో అంటరానితనం కారణంగా అడ్డు పెడితే నెల నుంచి ఆరు నెలల దాకా జైలు. పన్నెండో సెక్షన్ ఇంకా గట్టిది. జరిగింది షెడ్యూల్డ్ కులం మనిషికైతే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది ఎదుటివాడు. ఒక ఓనరు తన పోర్షన్ ఇవ్వకపోవడం ఈ సెక్షన్ కిందికి సూటిగా వస్తుందా రాదా అని వకీళ్లు వాదించుకోనీ. మనకు కావాల్సింది దాని ఫలితం. కులం పేరు చెప్పి పొమ్మంటే చిక్కులొస్తాయి కాబట్టి ఓనరుకు వేరే కారణం ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండాలి. ఆ కారణాలు మూడే మూడు: ఇల్లు ఖరాబు చేశారు, అగ్రిమెంటు మారుస్తున్నాం, మావాళ్లొస్తున్నారు కనక ముందే ఖాళీ చెయ్యండి. ఇవి చూడ్డానికి కులంతో సంబంధం లేని మామూలు లావాదేవీలు. వాటి బలమంతా అందులోనే ఉంది.

మొదట ఖరాబు సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కిరాయిదారు బాధ్యత చెప్పింది. ఇల్లు తీసుకున్నప్పుడు ఎట్లుందో అట్లా తిరిగి అప్పజెప్పాలి. కాని వాడకంలో వచ్చే మామూలు అరుగుదల, మనిషి ఆపలేని ఉపద్రవం వల్ల జరిగిన నష్టం అతని నెత్తిన పడవు. అంటే మూడేళ్లున్న ఇంట్లో సున్నం వెలిసిపోతే అది అరుగుదల. తలుపు విరగ్గొడితే అది నష్టం. ఇంత చిన్న తేడాను మన కాలనీల్లో ఎన్నడూ పాటించలేదు. ఎవరున్నా, ఎన్నాళ్లున్నా, ఖాళీ చేసేటప్పుడు 'పెయింటింగ్‌కు' అని ఒక నెల కిరాయి కోసుకోవడం రివాజైపోయింది. రివాజు అందరికీ ఒకటే అంటారు. చైతన్యపురిలో నేనూ ఒక స్నేహితుడూ ఒకే గదిలో ఉన్నాం. అతను ముందు ఖాళీ చేశాడు, తన వాటా అడ్వాన్సు పూర్తిగా తీసుకుపోయాడు. ఆర్నెల్లకు నేను ఖాళీ చేస్తే గోడకు కొట్టిన రెండు మేకులకు లెక్క కట్టారు. ఆ మేకులు మేమిద్దరం కలిసి కొట్టినవే. అతనికీ నాకూ ఉన్న తేడా గోడకైతే తెలియదు.

అసలు నష్టం అంటే ఏమిటో తేల్చే అధికారం ఎవరిదన్నదే ప్రశ్న. ఇల్లిచ్చిన రోజు ఏది ఎట్లుందో రాసుకున్న కాగితం ఉండదు. కాబట్టి ఖాళీ చేసిన రోజు ఓనరు చూపే చూపే కొలబద్ద. ఆ చూపులో పెద్దకూర వాసన కూడా నష్టమే. మనవాళ్లు వెళ్లాక ఇల్లు కడిగించి, పుణ్యాహవచనం చేయించి, ఆ ఖర్చు 'క్లీనింగ్' పేరుతో రాస్తే దాన్ని ఏమనాలి? గోడకైన అరుగుదలనా, మడికైన అరుగుదలనా?

ఈ అధికారానికి ముక్కుతాడు వెయ్యాలన్న చట్టం లేకపోలేదు. హైదరాబాదు రాష్ట్రంలో 1954 నాటి ఇళ్ల కిరాయి చట్టాన్నీ, ఆంధ్ర ప్రాంతంలో అమల్లో ఉన్న 1949 నాటి మద్రాసు చట్టాన్నీ తీసేసి, 1960లో ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్స్ లీజు, రెంటు, ఎవిక్షన్ కంట్రోల్ చట్టం తెచ్చారు. తెలంగాణ వచ్చాక కూడా అదే చట్టం. దాని ప్రకారం ఓనరు నోటి మాటతో ఖాళీ చేయించలేడు, రెంట్ కంట్రోలర్ ముందు కారణం చూపాలి. ఇంటి ఖరాబు కారణమైతే, అది కట్టడం విలువనో ఉపయోగాన్నో బాగా దెబ్బతీసేదై ఉండాలి. మేకు రంధ్రాలు ఆ లెక్కలోకి రావు. నీళ్లు, కరెంటు ఆపకూడదు. ఓనరు కిరాయి తీసుకోనంటే కంట్రోలర్ దగ్గర కట్టే వీలుంది. అడ్వాన్సు ఒక నెల కిరాయికి మించకూడదు. ఇది కాగితం మీది మాట కాదు. నెల్లూరు జిల్లా గూడూరులో ఒక హోటలు కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. కిరాయి బాకీ ఉన్నాడని ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. ఓనరు దగ్గర ఒక నెలకు మించిన అడ్వాన్సు ఉంది, అది చట్టం ఒప్పని సొమ్ము, అంత సొమ్ము పెట్టుకుని కిరాయిదారును ఎగవేతదారు అనడానికి లేదని 1989లో కోర్టు తీర్పిచ్చింది.

మరి ఇంత మంచి చట్టం దిల్‌సుఖ్‌నగర్‌లో ఏమైంది? ఏమీ కాలేదు, అక్కడికి రానే లేదు. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకు ఈ చట్టం వర్తించదని అందులోనే 32వ సెక్షన్‌లో రాసుకున్నారు. కొత్త ఇళ్లు కట్టేవాళ్లకు ఉత్సాహం ఇవ్వడానికట. మన కాలనీలు దాదాపు అన్నీ ఆ తేదీ తర్వాత లేచినవే. పాతికేళ్లయ్యాక ఆ మినహాయింపు సమానత్వానికి విరుద్ధమని 1983లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడు డిసెంబరులో ప్రభుత్వం జీవో 636 తెచ్చి, కట్టిన పదేళ్ల దాకా ఏ ఇంటికీ, నెలకు వెయ్యి దాటిన కిరాయికీ చట్టం వర్తించదంది. 2005లో సవరణ చేసి ఆ పదేళ్లను పదిహేను చేశారు. మునిసిపల్ కార్పొరేషన్లలో 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయల కిరాయి దాటితే మినహాయింపే. 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీ ఏర్పడే దాకా ఎల్‌బీ నగర్, గడ్డిఅన్నారం కార్పొరేషన్‌లో లేవు, రంగారెడ్డి జిల్లాలో వేరే మున్సిపాలిటీలు. అంటే 2005లో ఒకే రోడ్డు మీద మలక్‌పేట వైపు కిరాయిదారుకు 3,500 హద్దు, ఎల్‌బీ నగర్ వైపు 2,000 హద్దు. ఇవాళ 3,500కు అక్కడ కుటుంబం ఉండే పోర్షన్ ఎవరిస్తారు? కొత్తగా లేచిన ప్రతి కాలనీని చట్టం వదిలేసింది. ఊరొదిలి వచ్చినవాడికి దొరికేది ఆ కొత్త కాలనీయే.

మిగిలింది 1882 చట్టమే. నెల నెలా కిరాయి అయితే 15 రోజుల నోటీసు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుక అందరూ రాసుకునేది 11 నెలల అగ్రిమెంటు. ఆ పదకొండో నెలే ఓనరు ఆయుధం. నచ్చినవాడికి నోటిమాటతో సాగుతుంది. నచ్చనివాడికి 'అగ్రిమెంటు మారుస్తున్నాం, కిరాయి పెరిగింది, గెస్టులు రాకూడదు, నాన్-వెజ్ వండకూడదు' అని కొత్త కాగితం వస్తుంది. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. దానికి తట్టుకోలేక మనవాడు మధ్యలో వెళ్లిపోతే 'మీరే ముందు ఖాళీ చేశారు కదా' అని అడ్వాన్సు పోతుంది. వెళ్లగొట్టింది ఒకరు, జరిమానా కట్టేది ఇంకొకరు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాక కిరాయిదార్ల వివరాలు తీసుకోమని పోలీసులు గట్టిగా చెప్పారు. ముస్లింలకు ఇల్లు దొరకడం కష్టమైంది. మనవాళ్లను అడిగే పాత ప్రశ్నలకు కొత్త సాకు కూడా దొరికింది.

ఇట్లా ఖాళీ చేయించినవాళ్లలో బాబాసాహెబ్ కూడా ఉన్నాడు. 1917లో అమెరికా, ఇంగ్లండు చదువుల నుంచి బరోడా కొలువుకు వచ్చి, పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో రోజుకు రూపాయిన్నర మీద దిగాడు. పదకొండో రోజున కర్రలతో వచ్చి సత్రం మైలపరిచావన్నారు, సాయంత్రానికల్లా పొమ్మన్నారు. అక్కడ మైల అన్న మాట సూటిగా వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో దాన్నే పెయింటింగ్ ఖర్చు అంటారు.

షరతుల్లోనే వివక్ష దాగుంటుందన్నది మన ఊహ కాదు. సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు ఢిల్లీ, చుట్టుపక్కల పట్టణాల్లో చేసిన సర్వే 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. దళితుల్లో 18 శాతం మందికి ఇల్లు లేదన్నారు. ఇంకో 23 శాతం మందికి ఇస్తామన్నారు, కాని షరతులు వేరు. ముస్లింలకు ఆ అంకెలు 31, 35. ఈ రెండో అంకెను మన ఉద్యమాలు పట్టించుకోలేదు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికి, 1968 ఏప్రిల్‌లో వచ్చిన గృహ వివక్ష చట్టం ఇల్లివ్వకపోవడాన్నే కాదు, కిరాయి షరతుల్లో తేడా చూపడాన్ని కూడా నేరుగా నిషేధించింది. 2021లో మన కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా కిరాయి చట్టంలో అడ్వాన్సు రెండు నెలలకు మించొద్దని ఉంది. గడువు దాటి ఉంటే మొదట రెండింతలు, తర్వాత నాలుగింతల కిరాయి అని ఉంది. కులం అన్న మాట లేదు.

ఇంకొక సంగతి రాయకపోతే ఈ చరిత్ర సగమే. రిజర్వేషన్ ఉద్యోగాలతో మనలో కొందరు వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు ఇళ్లు కట్టుకున్నారు. పైన ఒక పోర్షన్ వేసి కిరాయికిస్తున్నారు. వాళ్ల ఇంటి ముందుకొచ్చిన అగ్రకులం కిరాయిదారు హాల్లో అంబేద్కర్ ఫోటో చూసి 'మళ్లీ ఫోన్ చేస్తాం' అని వెళ్లిపోవడం ఒక అనుభవం. ఆ ఫోటోను లోపలి గదిలోకి మార్చడం ఇంకో అనుభవం. ఇవి కాక మూడోది: మన ఓనరే కాలనీ రివాజు నేర్చుకుని పెయింటింగ్‌కు నెల కిరాయి కోసుకోవడం, మన పిల్లవాడికే బ్యాచిలర్ అని ఇల్లివ్వకపోవడం. నిజమే, ఆయనకూ బ్యాంకు అప్పుంటుంది, ఆయన తలుపు విరిగినా బాధే. విరిగిన తలుపుకు డబ్బు తీసుకోవద్దని ఎవరూ అనరు. ఇల్లిచ్చిన రోజు గది గదీ ఎట్లుందో రెండు కాపీలు రాసి ఇద్దరూ సంతకం పెట్టడం, అడ్వాన్సు ఒక నెలకే ఆపడం, నష్టం కోసుకుంటే రిపేరు బిల్లు చూపడం, ముందే వెళ్లేవాడి దగ్గర నోటీసు రోజుల కిరాయి మాత్రమే తీసుకుని మిగతాది అదే రోజు చేతిలో పెట్టడం. వీటికి ఏ కంట్రోలరూ అక్కర్లేదు. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్‌బీ నగర్‌లోనే ఉన్నాయి, నడిచి పోవచ్చు. కాని రెండు నెలల అడ్వాన్సు కోసం వకీలు ఫీజు కట్టి కోర్టు మెట్లెక్కే విద్యార్థి ఉండడని ఓనరుకూ తెలుసు, విద్యార్థికీ తెలుసు. ఆ కాగితం లేనంత కాలం మేకు ఖరీదు ఓనరు చెప్పినంతే.